ఖాదర్ సాబ్ అనుమానించిన రెండు పేజీలు

మొన్న ఇంటర్నెట్‌లో ఎవరో స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు వాచకం తిరగేస్తుంటే, పక్కింట్లో కిరోసిన్ గుడ్డతో సైకిల్ చైను తుడుస్తున్నారు. కిటికీలోంచి ఆ వాసన రాగానే ఖాదర్ సాబ్ గుర్తొచ్చాడు. మహబూబ్‌నగర్‌లో నలభై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ ఆయన. నాకు పరిచయమయ్యేనాటికే ప్రెస్సు మూతపడింది. మిగిలిన అక్షరాలను ఇంట్లో పెట్టుకొని, అప్పుడప్పుడూ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టుకునేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఎవరి ఊరి చరిత్ర వాళ్లు రాసుకోవాలన్న ఉత్సాహం ఉండేది. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ల చరిత్రలతో ఒక పుస్తకం తేవాలని కాలేజీ అనుకుంది, సంపాదకత్వం నాకు అప్పగించింది. ఇంటర్నెట్‌లో దొరికిన అరుదైన పుస్తకాలను ల్యాప్‌టాప్‌లో వేసుకొని మా వీధి చివర ఉన్న ఖాదర్ సాబ్ ఇంటికి తీసుకెళ్లేదాన్ని. ఆయన విషయం చదివేవాడు కాదు, అక్షరాలే చూసేవాడు. "కథ తర్వాత బిడ్డా, ముందు అచ్చు చూడు. కథ అబద్ధమాడుతది. అచ్చుకు గంత తెలివి లేదు" అనేవాడు.

ఒకరోజు మా చరిత్ర లెక్చరర్ భాస్కర్ సార్ ఒక లింకు పంపాడు. నూరేళ్ల నాటి పుస్తకం. కోస్గి దగ్గరి ఒక గుట్ట మొత్తం ఒక మఠానిదని అందులో రెండు పేజీల్లో రాసి ఉంది. ఆ గుట్ట మీద తరాలుగా గొర్లు మేపుకునే కుటుంబాలకూ మఠం పేరు చెప్పుకునే వాళ్లకూ అప్పటికే తగాదా నడుస్తోంది. నేను అదేమీ ఆలోచించలేదు. ఎవరూ చూడని పుస్తకం నాకు దొరికిందన్న సంబరంలో నాలుగు రోజులు కూర్చొని ఆ పుస్తకంలో మా చుట్టుపక్కల ఊళ్ల గురించి ఉన్నదంతా, ఆ రెండు పేజీలతో సహా, టైపు చేశాను. తర్వాత ఆ స్కాన్‌ను ఖాదర్ సాబ్‌కు చూపించాను.

ఆయన కళ్లద్దాలు సవరించుకొని, ముందు పేజీలూ వెనక పేజీలూ మార్చి మార్చి చూశాడు. "గీ రెండు పేజీల మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు చివరికి.

"వలపలగిలక కూడా ఉంది కదా సాబ్" అన్నాను. అక్షరం పక్కన గిలకలా నిలబడే పాతకాలపు రేఫ గుర్తు అది. నా ధైర్యమంతా దాని మీదే.

"గిలక ఎవడైనా పెడతడు."

నాకు కోపం వచ్చింది. గొర్లు మేపే మల్లయ్య ఆయనకు పాత దోస్తు. "మల్లయ్య గొర్లు అక్కడే మేస్తాయి కదా, అందుకేనా?" అనేశాను.

ఆయన ముఖం ఒక్క క్షణం మాడింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నన్ను గూడ అనుమానించు, తప్పు లేదు. గని జర 'మ'లు చూసి చెప్పు."

ఇంటికొచ్చి స్కాన్‌ను పెద్దది చేసి చూశాను. వాడి వాడి అరిగిన సీసపు అక్షరాలు కదా, మిగతా పేజీల్లో ఏ 'మ' దానిదే. ఒకదాని తలకట్టు విరిగింది, ఒకదాని కడుపులో సిరా నిండింది, ఒకటి పక్కకు ఒరిగింది. ఆ రెండు పేజీల్లో నలభైకి పైగా 'మ'లున్నాయి. అన్నీ ఒకే తీరు. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. అవి సీసంతో అచ్చు వేసినవి కావు, ఎవరో కంప్యూటర్‌లో తయారుచేసి మధ్యలో చేర్చినవి.

భాస్కర్ సార్‌ను అడిగితే, "ఎవరో పంపిండ్రు మేడం, నాకేం తెల్సు?" అని చూపు తిప్పుకున్నాడు. ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పేజీలు తీసేశాం. పుస్తకం విడుదలైన రోజు ముందు వరుసలో కూర్చున్న తెల్లబట్టల మనిషి ఒకడు పుస్తకమంతా తిరగేసి, నా దగ్గరికొచ్చి, "గుట్ట సంగతి రాలేదేంది మేడం?" అని మెల్లగా అడిగాడు. ఆ సంగతి మా పుస్తకంలో రావాలని అతనికెలా తెలుసో నేను అడగలేకపోయాను.

మర్నాడు ఖాదర్ సాబ్ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. "గదేం మాట, చాయ్ తాగు" అన్నాడంతే. రెండేళ్ల కింద ఆయన పోయాడు.

ఇప్పుడు ఏ పాత పేజీ చూసి మనసు ఉప్పొంగినా, అక్కడే ఆగి అక్షరాలను పెద్దవి చేసి చూస్తాను. అది ఆయన నేర్పిన విద్య. నాకు నేనుగా నేర్చుకున్నది ఇంకొకటుంది: ఆ అచ్చును అనుమానించాలని నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు. ఆయన్ను అనుమానించడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు.