నెమలిమెడ నీలం

పొద్దున్నే ఆయన సంచిలో టిఫిను డబ్బా పెట్టి, పక్కనే పసుపు పొట్లం, సున్నం పొట్లం పెట్టేదాన్ని. మా ఆయన నారాయణ ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల పోయి, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆ రెండూ కలిపి ఎర్రగా మార్చి చూపిస్తే పిల్లోళ్లు నోరు తెరిచేవాళ్లంట. పోయిన వానాకాలంలో ఆయన పోయినాడు. ఇప్పుడు పొట్లాలు కట్టే పని లేదు. చెయ్యి మాత్రం పసుపు డబ్బా మీదికే పోతాంది.

ఆయనది శిరివెళ్ల పక్క పల్లె. అన్న దాసరయ్యకు అక్షరాలు కుదురుగా కనపడేవి కావంట. అయివారు కొట్టి కొట్టి బడి మాన్పించినాడు. ఆ దాసరయ్యే ట్రాక్టరు శబ్దం విని రోగం చెప్పేవాడు. "మా అన్న మొద్దు కాదు, చెప్పేవాళ్లకే చేతగాలే" అనేవాడు ఈయన. అట్లాంటి పిల్లోళ్లు క్లాసులో యాడున్నా కన్ను ఆడికే పోయేది.

తొంభై ఎనిమిదిలో, మా ఊరి గాజులంగడి ముబారక్ కూతురు సానియా ఆయన దగ్గర ఇంటర్ చదివేది. పుస్తకం తెరిస్తే వరుసలు కలిసిపోతాండాయని ఏడ్చేది. ప్రాక్టికల్స్ తప్పితే సదువు బందేనని ముబారక్ ఇంటికొచ్చి చెప్పినాడు.

"దీని తలకాయలో ఏం లేదు సార్. అంగట్లో కూచోబెడతా."

"అంగట్లో గాజులకు రంగు జత చూసేదెవరప్పా?"

"ఇదే. చీరకొంగు ఒకసారి చూస్తే చాలు, సరిపోయే గాజు తీస్తాది."

"మరి ఏం లేదంటావేందీ! నా సబ్జెక్టులో సగం రంగులే."

ఆ సాయంత్రం నుంచి మా వంటిల్లే ల్యాబు. పుస్తకం మూసేసి, గోడ మీద రంగుసుద్దలతో గాజు గొట్టాలు గీసినాడు. ఏ ఉప్పులో ఏది పోస్తే ఏ రంగొస్తాదో అంతా బొమ్మలే.

"పప్పుగిన్నె యాడ పెట్టుకోవల్ల నేను?" అన్నా.

"రాగి ఉప్పు కింద పెట్టుకో" అని నవ్వినాడు.

సానియా ఆ రంగులకు అంగట్లో పేర్లే పెట్టుకునింది. నెమలిమెడ నీలం, తంగేడుపువ్వు పసుపు.

పరీక్ష ముచ్చట ఆయన ఇంటికొచ్చి చెప్పినాడు. పరీక్ష పెట్టేదానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన దెబోరా మేడం సానియాను అడిగిందంట.

"ఏందమ్మా, కండ్లు మూసుకోని నిలబడినావు?"

"గోడ చూస్తాండా మేడం."

"ఈడ గోడ మీద ఏముంది?"

"ఈడ కాదు మేడం. ఆళ్లగడ్డలో, సారోళ్ల వంటింట్లో."

సానియా గొట్టంలో అమ్మోనియా పోసింది. నెమలిమెడ నీలం తేలింది. "రాగి" అనింది. మేడం నమ్మక ఇంకో ఉప్పు ఇచ్చింది. ఈసారి వేరే మందు పోస్తే తంగేడుపువ్వు పసుపు తేలింది. "సీసం!" ల్యాబులో పిల్లోళ్లంతా చప్పట్లంట.

పాసైన పొద్దు ముబారక్ అంగడికొచ్చిన ఆడోళ్లందరికీ ఊరికే గాజులు తొడిగినాడు. నాకు నెమలిమెడ రంగువి. ఇప్పుడవి నా చేతులకు లేవు.

సానియా ఇప్పుడు నంద్యాలలో కెమిస్ట్రీ చెప్తాంది. మొన్న వెన్నెల అనే పిల్లను వెంటబెట్టుకోని వచ్చింది. ఆ పిల్లకూ అక్షరాలు కుదరవంట.

"అమ్మా, గోడ ఉందా?" అనింది గడపలోనే.

ఉగాది దగ్గర పడిందని ఇల్లంతా సున్నం కొడతాంటి అప్పుడు. వంటింట్లో మూడు గోడలు అయిపోయినాయి. ఆయనున్నన్నాళ్లూ సున్నం తగలనీకుండా, చెరిగితే మళ్లా దిద్దుకుంటా వచ్చిన బొమ్మల గోడ ఒకటే మిగిలింది. బకెట్టు, కుంచె ఎత్తుకుపోయి పెరట్లో పెట్టేసి, ఆ పిల్లకు నాలుగో గోడ ముందర పీట వేసినా.