చెల్లెలికి రెండు కోడ్‌లు

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. ఆడవాళ్ళకు సాయంత్రం పూట పెట్టిన బడిలో తెలుగు నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు ఫోను చూసి పట్టుకున్నాను. అందుకే చెల్లెలి ఆసుపత్రి కాగితం మీద ఎం అక్షరం, పక్కన అంకెలు, ఆ కింద ఎన్, మళ్ళీ అంకెలు కనబడితే అవేంటని అడిగాను.

"జబ్బు కోడ్‌లు అక్కా. కీళ్ళు వదులుగా ఉండే జబ్బుకి ఒకటి. కిడ్నీ చోటు జారిందిగా, దానికింకోటి," అంది, కొత్త పట్టుచీరలు చూపించినట్టు.

నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు మా ఇద్దరి వేళ్ళూ వెనక్కి వాలేవి. మాది ఆత్రేయపురం. పల్చటి పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద పరిచి పూతరేకు తీయాలంటే మణికట్టు బాగా ఆడాలి. "పెద్దదాని చెయ్యి భలే తిరుగుతుందే" అని అమ్మ నన్ను కుండ ముందు కూర్చోబెట్టి, చెల్లెల్ని బడికి పంపింది. మా వీధిలో వదులు చెయ్యంటే వరం. అది జబ్బని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు దాని భుజం జారితే మంచం దగ్గరికి కాఫీ తెస్తారు. నా భుజం జారితే మా కోడలు, "వయసు నొప్పులేలెండి అత్తయ్యా, ఆ కాస్త పిండీ అయ్యాక పడుకోండి" అంటుంది.

నాకూ పేరున్న జబ్బు కావాలనిపించింది. చెల్లెల్ని వెంటబెట్టుకుని రాజమండ్రిలో దాన్ని చూసిన డాక్టరు దగ్గరికే వెళ్ళాను.

ఆ కుర్ర డాక్టరు బొటనవేలు వంచి ముంజేతికి ఆనించమన్నాడు. ఆనలేదు. వయసుతో బిగుసుకుపోయింది. చెల్లెలిది ఇప్పటికీ ఆనుతుంది. నాకు ఏడుపొచ్చింది.

"చిన్నప్పుడు ఆనేదా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపు చెల్లెలే అందుకుంది. "ఆనడమేంటండి! నాకంటే అక్కదే బాగా వంగేది. పెళ్ళిళ్ళలో పిల్లలందరూ చుట్టూ చేరి చూపించమనేవారు."

సాయం చేసిందని తెలుసు. అయినా మండింది. నా జబ్బుకి కూడా దాని సాక్ష్యమే కావాలా?

డాక్టరు మిగతా కీళ్ళూ వంచి చూసి, పాత సంగతులు అడిగి, కంప్యూటర్లో కొట్టాడు. ఎం, పక్కన చెల్లెలి అంకెలే. ఆ కింద ఖాళీ.

"దానికి రెండిచ్చి నాకు ఒకటేంటండి?" అనేశాను.

చెల్లెలు కిసుక్కుమంది. "ఇవేమైనా ప్రసాదం లడ్డూలా అక్కా?"

డాక్టరు నవ్వలేదు. "ఆవిడకి కిడ్నీ జారిందమ్మా. ఇలాంటివాళ్ళలో కొందరికి లోపలివి కూడా పట్టు తప్పుతాయి. మీకేమైనా ఉందా?"

రెండో కాన్పు నుంచీ నాకు గర్భసంచి జారి ఉంది. గుడ్డ బిగించి కట్టుకుని కుండ ముందు కూర్చునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మగ డాక్టరుకి చెప్పే మాటా అది? కానీ చెల్లెలి కాగితంలోని రెండో వరస కళ్ళముందు ఆడుతోంది. చెప్పేశాను.

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. "నాక్కూడా చెప్పలేదేంటక్కా?"

"నీ కిడ్నీ మొన్న జారింది. నాది ఎప్పుడో జారింది," అన్నాను. అంతకంటే మంచి మాట నోటికి రాలేదు.

నర్సు తెర వెనక్కి తీసుకెళ్ళింది. లేడీ డాక్టరు చూసి, గర్భసంచి జారకుండా లోపల రింగు పెడతామంది. బరువులెత్తొద్దు, పొయ్యి ముందు గంటలకొద్దీ కూర్చోవద్దు అంది. ఎన్ అక్షరం నా కాగితం మీదికీ వచ్చింది.

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే కోడలు ఫోను చేసింది, రేపటి పిండికి ఎంత బియ్యం నానబెట్టాలో అడగడానికి.

"రేకు తీసే మనిషిని చూసుకో అమ్మా. నాకు రెండు కోడ్‌లొచ్చాయి," అన్నాను.