వదినగారి నీలం గుత్తులు

మా అమ్మాయి అత్తగారు పోయారు. శివరాత్రి వెళ్ళి పది రోజులైందేమో, సాయంత్రం వాకిట్లో కుండీ ముందు కూర్చుని ఉండగా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, అత్తయ్య మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాలుస్తానన్నారు. ఇప్పుడు టీ పట్టుకెళ్తే లేవలేదమ్మా" అంది. అంతకన్నా చెప్పలేకపోయింది.

అప్పుడు నా ముందున్న కుండీలో ఒక మొగ్గ ఉంది. హైడ్రాంజియా మొగ్గ. ఉసిరికాయంత, పచ్చగా, చిన్న కాలీఫ్లవర్‌లా ఉంది. మొక్క ఆవిడ ఇచ్చిందే. ఆ మొగ్గ పూర్తిగా విచ్చుకున్నాక, కుండీతో సహా కొత్తపేట దగ్గర వాళ్ళ ఊరు పట్టుకెళ్ళి ఆవిడ ఎదురుగా పెట్టి, శ్రావణం నుంచీ నా గొంతులో అడ్డం పడి ఉన్న మాటొకటి చెప్పేద్దామనుకున్నాను. మొగ్గ విచ్చుకోకముందే ఆవిడ వెళ్ళిపోయారు. ఆ మాటేమిటో మీకు చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

వియ్యపురాళ్ళం కాబట్టి ఒకరినొకరం "వదినగారూ" అనుకునేవాళ్ళం. ఆవిడది పరమ నెమ్మది. నాది నోరు ముందు, మనిషి వెనక. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, మర్యాదగా ఉంటుంది కదా అని, "మా పిల్ల మీ మట్టిలో పడిందండీ వదినగారూ, ఇక మీ రంగే పూస్తుంది" అన్నాను. ఆవిడ పెరట్లో ఏదో పని చేసుకుంటూనే, "పిల్ల మొక్క కాదు కదండీ, మనక్కావలసిన రంగు పుయ్యమనడానికి. తన రంగు తనదే, ఉండనివ్వండి" అన్నారు. ఆ మాటతో నాకు ఆవిడ మీద గౌరవమూ కలిగింది, మా అమ్మాయి గురించిన బెంగా తీరింది.

ఆవిడ చేసుకుంటున్న ఆ పని హైడ్రాంజియాకి పటిక నీళ్ళు పొయ్యడం. ఆ మొక్కని వాళ్ళాయన ఎప్పుడో కడియం నర్సరీ నుంచి తెచ్చారట. "ఇది చలి దేశాల మొక్కండి, మన ఎండలకి రెండు నెలలు కూడా ఉండదు" అని నర్సరీ అతను ముందే చెప్పాడట. ఆవిడ దాన్ని పన్నెండేళ్ళు ఉంచారు. ఇంటికి ఉత్తరం వైపు, చూరు నీడలో, పొద్దుటెండ మాత్రం తగిలేచోట నాటారు. మొదలు చుట్టూ కొబ్బరి డొక్కలు, అదే పీచు తొక్కలు, బోర్లా పేర్చారు, తడి ఆరకుండా. బోరు నీళ్ళు ముట్టనిచ్చేవారు కాదు, కాలవ నీళ్ళే పొయ్యాలి. నెలకోసారి చిటికెడు పటిక కరిగించి పోస్తే పూలు నీలంగా వస్తాయని, లేకపోతే గులాబీకి తిరుగుతాయని చెప్పేవారు. శివరాత్రి దాటాక ఒక్కో గుత్తి కొబ్బరికాయంత పూసేది. వచ్చిన చుట్టాలు దగ్గరకెళ్ళి గిల్లి చూసి, "ఇది నిజం పువ్వేనాండీ, ప్లాస్టిక్‌దా?" అని అడిగితే ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను అక్కడుండగా ఆ మొక్క ఆకులన్నీ తలలు వేలేశాయి. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. చెంబుతో నీళ్ళు తీసుకుని పరిగెత్తాను. ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "దానికి దాహం కాదండీ వదినగారూ, ఎండ. మట్టి ముట్టుకుని చూడండి, తడిగానే ఉంది. ఇప్పుడు పోస్తే వేరు కుళ్ళిపోద్ది. సాయంత్రం దాకా ఆగండి. అప్పటికీ లేవకపోతే అప్పుడు చూద్దాం" అన్నారు. ఐదయ్యేసరికి మొక్క ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఆవిడ దగ్గరకెళ్ళి వేళ్ళ వెనక వైపుతో ఆకుని పైకెత్తి, "ఏమ్మా, తగ్గిందా" అని పలకరించారు. నాకు నవ్వొచ్చింది కానీ ఆవిడకి రాలేదు.

నిరుడు మార్గశిరంలో ఆవిడకి గుండె ఆపరేషన్ అన్నారు. అల్లుడూ, అన్నయ్యగారూ, అంటే మా వియ్యంకుడుగారు, ఆవిడతో విశాఖపట్నం వెళ్ళారు. మా అమ్మాయికి అమలాపురంలో స్కూలు ఉద్యోగం. చంటిదాన్ని చూసుకోవడానికి నేను రాజోలు వైపు మా ఊరి నుంచి వచ్చి, వియ్యాలవారింట్లో నెలన్నర ఉన్నాను. వెళ్ళేముందు ఆవిడ నాకు మొక్క అప్పగించారు. పొద్దున్నే కాలవ నీళ్ళు పొయ్యమన్నారు. మధ్యాహ్నం వాడితే కంగారు పడొద్దన్నారు. కత్తిరింపు సంగతి మాత్రం చెప్పలేదు. దాన్నెవరైనా కత్తిరిస్తారని ఆవిడకి తోచి ఉండదు.

పిల్ల అత్తవారింట్లో ఊరికే కూర్చుని తినడమంటే మా తరం ఆడవాళ్ళకి అన్నం సహించదు. గిన్నెలు తోమాను, అటకలు దులిపాను, ఇంకా చేతులు ఊరుకోలేదు. మల్లె పెంపకంలో నన్ను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. మల్లెని ఎలా చూడాలో మీకూ తెలిసే ఉంటుంది. పుష్యంలో ఆకు దూసి, కొమ్మలు కురచగా కోసి, నీళ్ళకి మాడిస్తే వేసవిలో విరగబూస్తుంది. హైడ్రాంజియా చూస్తే ఆకులు రాలిపోయి, ఎండు పుల్లల్లా నిలబడి ఉంది. పాపం ఆవిడకి ఒంట్లో బాగోక ఈ ఏడు కత్తిరించుకోలేదు కాబోలనుకున్నాను. కత్తెర నూరించుకొచ్చి, జానెడు ఎత్తుకి శుభ్రంగా కోసేశాను. కోసి, దూరంగా నిలబడి చూసుకుని మురిశాను కూడా. ఆవిడ తిరిగొచ్చేసరికి చెట్టు విరగబూసి ఉండాలన్నది నా ఆశ.

ఆవిడ ఆస్పత్రి నుంచి రోజూ ఫోన్ చేసేవారు. మనవరాలి సంగతి అడిగి, చివరికి, "మొగ్గలేమైనా కనపడుతున్నాయాండీ?" అనేవారు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళే రోజు పొద్దున కూడా అడిగారు. నేను ధీమాగా, "ఇంకా లేదండీ, వస్తాయి" అన్నాను. డాక్టర్లు ఇంకో వారం ఉండమన్నా వినకుండా శివరాత్రికి ముందే వచ్చేశారు. కారు దిగి ఇంట్లోకి కాదు, ఉత్తరం వైపుకి నడిచారు. అన్నయ్యగారు ఒక చెయ్యి పట్టుకుంటే నేను రెండోది పట్టుకున్నాను.

మొక్క నిండా లేతాకులే. ఆవిడ నెమ్మదిగా వంగి కోసిన పుల్లల కొసల మీద వేలు పెట్టి చూశారు. ఒకటి, రెండు, మూడు. ఆవిడ లేచి, "ఈ ఏడు చలి తక్కువ కదండీ. పుయ్యదు లెండి" అన్నారు.

"ఆయ్, చలి తక్కువేనండి" అన్నాను నేను.

ఆ ఏడు చలికి ఇంటిల్లిపాదీ రెండేసి దుప్పట్లు కప్పుకున్నాం.

అసలు సంగతి నాకు శ్రావణంలో తెలిసింది. పేరంటానికి వెళితే, ఆవిడ కొబ్బరి పొట్టులో అంటు కట్టి వేరు పట్టించిన చిన్న మొక్క ఒకటి నా కోసం సిద్ధంగా ఉంచారు. దాన్ని గోనెపట్టాలో చుడుతూ, నా వైపు చూడకుండా, "ఒక్క సంగతండీ వదినగారూ. కొంతమంది దీన్ని మల్లెలాగే పుష్యంలో కోసేస్తారు. పాపం వాళ్ళకి తెలీదు. దీనికి పాత పుల్ల కొసనే మొగ్గ దాక్కుని ఉంటదండి. పువ్వు వాడగానే కోసుకోవాలి, తర్వాత కత్తెర పెట్టకూడదు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కొంతమంది నేనే. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు ఆవిడ అడిగిన మొగ్గలు నా చేతులతో కోసి కొబ్బరిచెట్టు మొదట్లో పారేశాను.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు ముందు అని చెప్పానే, ఆ నోరు ఆ రోజు పెగల్లేదు. బస్సులో ఒళ్ళో మొక్క పెట్టుకుని ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత దసరాకీ, మనవరాలి పుట్టినరోజుకీ కలిశాం. రెండుసార్లూ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "మీ మొక్క ఎలా ఉందండీ?" అని ఆవిడ అడగడం, "బాగుందండీ" అని నేను అనడం, అంతే. పువ్వు చేతిలో ఉంటే చెప్పడం తేలికవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి ఎన్ని సాకులు.

పెద్దకార్యం అయిన కొన్నాళ్ళకి పువ్వు విచ్చుకుంది. పూర్తి నీలం కాదు, అంచుల్లో కాస్త గులాబీ కలిసింది. పటిక వేసినా మా ఊరి నీళ్ళు వాటి గుణం అవి పోనిచ్చుకోలేదు. కుండీ ఆటోలో పెట్టుకుని వెళ్ళాను. అమ్మాయి స్కూల్లో ఉంది. అన్నయ్యగారొక్కరే అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఉత్తరం వైపు ఆవిడ మొక్క పక్కనే కుండీ దింపాను. ఆ మొక్కకీ నాలుగు మొగ్గలున్నాయి. ఈ ఏడు దాని మీద ఎవరూ కత్తెర పెట్టలేదు.

పన్నెండు దాటేసరికి నా కుండీలో మొక్క పువ్వుతో సహా వాలిపోయింది. దారిలో ఎండ దెబ్బ తగిలినట్టుంది. అన్నయ్యగారు గాభరాగా లేచి, లోపల్నుంచి మగ్గుతో నీళ్ళు తెచ్చారు.

"పొయ్యకండి అన్నయ్యగారూ. సాయంత్రం దాకా ఆగుదాం" అన్నాను. ఆయన మగ్గు అరుగు మీద పెట్టి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. కాసేపటికి, అడక్కుండానే, "నిరుడు ఆ మొక్కని కోసేసింది నేనేనండి. వదినగారికి చెప్పలేకపోయాను" అన్నాను.

"ఆయ్. తెలుసండి" అన్నారాయన. "వచ్చిన రోజే చెప్పింది నాతో. 'వదినగారే కోసేరు. ఎంత నున్నగా కోసేరో చూడండి, ఒక్క పుల్లా చీలలేదు. మంచి చెయ్యి. మీరు మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తకండి, ఆవిడ బాధపడతారు' అంది."

నేను ఏడ్చాను. ఆయన వద్దనలేదు. ఎండ చూరు దాటి, కొబ్బరిచెట్ల వెనక్కి వాలింది. ఇద్దరం ఆ కుండీ వంకే చూస్తూ కూర్చున్నాం. ఐదు గంటల వేళ ముందు కింది ఆకు కదిలింది, తర్వాత దాని పైది. పువ్వు ఒక పక్కకి ఒరిగి ఉన్నా, నెమ్మదిగా తల ఎత్తింది.

ఆయన మగ్గు చేతిలోకి తీసుకుని నా వైపు చూశారు. "ఇప్పుడు పొయ్యమంటారాండీ, చెల్లెమ్మగారూ?"

"ఆయ్" అన్నాను. "ఇప్పుడు పొయ్యండి."