పీర్ల నెలలో కొత్త సంవత్సరం

నేను కడపలో బట్టల దుకాణంలో పనికి కుదిరి, నా కూతురితో కలిసి, ఒక ముసలామె ఇంటి మేడమీద అద్దెకు దిగిన నాలుగో నెలలో జరిగిందిది. ఆమె ముస్లిం. నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఒక పొద్దున ఫోను తెరిస్తే ఇస్లామీయ నూతన సంవత్సర శుభాకాంక్షలని ఎవరో పంపారు. ముహర్రం మొదటి రోజట. ఇదేం చోద్యం అనుకున్నాను. బేతంచెర్ల దగ్గర మా అత్తగారి ఊళ్ళో అది పీర్ల నెల. పులివేషాలు, డప్పులు, రొట్టెలో బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు. పదో రోజు పట్టుబట్టలు చుట్టిన పీర్లను సాగనంపుతూ అన్ని కులాలవాళ్ళం ఏడుస్తాం కూడా. కొత్త సంవత్సరమని మాత్రం ఒక్కరూ అనగా వినలేదు.

తొందర నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అరకిలో మైసూరుపాకు కొనుక్కుపోయి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె పొట్లాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఈ నెలలో తమవాళ్ళు మిఠాయిలు పంచుకోరని మెల్లగా చెప్పి, నన్ను చిన్నబుచ్చలేక ఒక ముక్క నోట్లో వేసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మరి సంతోషం లేని కొత్త సంవత్సరం ఎందుకని అడిగాను. వాళ్ళ ఏళ్ళ లెక్క ప్రవక్త పుట్టుకతోనో గెలుపుతోనో మొదలు కాదట. మక్కాలో బతకనివ్వకపోతే, ఆయన ఉన్న ఊరు విడిచి మదీనాకు పోయిన ఏడాదితో మొదలట. ఆ లెక్క కట్టింది తర్వాతి పెద్దలట. పదో రోజు దుఃఖం ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, ప్రవక్త మనవణ్ణి కర్బలాలో చంపినందుకట. నాకు తల తిరిగిపోయింది. ఇల్లు విడిచిన నాటి నుంచి ఎవరైనా ఏళ్ళు లెక్కపెట్టుకుంటారా?

నా మొగుడు రాళ్ళ గనిలో పనిచేస్తాడనీ, సెలవు దొరకగానే వస్తాడనీ అవ్వకు చెప్పి ఉన్నాను. నిజానికి అతని దెబ్బలకు తాళలేక పిల్లను తీసుకుని వచ్చేశాను. పదో రోజుకు రమ్మని అత్త ఫోన్ల మీద ఫోన్లు. మలీద బుట్ట ఆ ఇంటి కోడలే నెత్తిన పెట్టుకుని పీర్ల చావిడికి పోవాలి. పోతే మళ్ళీ వదలరు. పోకపోతే పీరుకు కోపం వస్తుందని భయం. నా బిడ్డ ఆ పీరుకు మొక్కుకుంటేనే పుట్టింది.

"ఆయనకు బాధ కాలేదా అవ్వా, పోయేటప్పుడు?" అన్నాను.

"ఊరి దిక్కు తిరిగి చూసి శానా బాధపడినాడంట. అయినా పోయినాడు." మిఠాయి పొట్లం మడిచి పక్కన పెట్టి అడిగింది: "నీ మొగుడు రాడు గదమ్మా?"

అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా అక్కడే ఏడ్చేశాను.

సాయంత్రం అత్త మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి నసగకుండా, రానని చెప్పేశాను. పీరు శపిస్తాడంటుందనీ, తిడుతుందనీ ఎదురుచూశాను. ఆమె తిట్టలేదు.

"మీ మామ దెబ్బలు తాళలేక, సంటిబిడ్డగా ఉన్న నీ మొగుణ్ణి సంకన ఏసుకోని నేను గూడా బేతంచెర్ల టేసను దాకా పోయినాను. రైలెక్కలేక తిరిగొచ్చినా," అంది. "నువ్వు రావద్దు. మలీద నేనే ఎత్తుకుంటాలే."

ఇన్నాళ్ళూ ఆమె మీద పెంచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక, ఫోను చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.