ముడి వేయని చేయి

జర్మన్లు యూదులమైన మమ్మల్ని బియాలిస్తోక్ గెట్టోలోకి, ఆ కంచె వేసిన వాడలోకి, తోలకముందు జ్లాతె కుట్టినవన్నీ చనిపోయినవారికి తొడిగే బట్టలే. అంత్యక్రియల సంఘపు ఆడవాళ్లలో ఆమెది నెమ్మదైన చేయి. ఆ తెల్లని నారబట్టకు జేబు ఉండదు, దారం కొసన ముడి ఉండదు. ముడి వేస్తే ప్రాణం బట్టకు చిక్కుకుపోతుందని మా నమ్మకం. తన వేళ్లకు ముడి వేయడమే రాదని జ్లాతె కాస్త గర్వంగానే చెప్పుకునేది.

గెట్టోలో నారబట్ట అయిపోయింది. చావులు మాత్రం తగ్గలేదు. ఒంటిమీది బట్టలతోనే పూడ్చసాగారు. జ్లాతెను జర్మన్ సైనికుల ఓవర్‌కోట్లు కుట్టే కార్ఖానాలో గుండీల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ పని ఆమెను, ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన చెల్లెలు బ్రైనెను కాపాడుతూ వచ్చింది. పని లేని కుటుంబాలను ఊరు దాటించడం అందరూ కళ్లారా చూసినదే.

ఒక ఉదయం మేస్త్రి ఎల్యోకుం ఒక కోటు తెచ్చి బల్ల మీద పడేశాడు. గుండీ పట్టుకుని లాగితే ముడి లేని దారంతో సహా చేతిలోకి వచ్చింది.

"ఎవరి పని ఇది?"

"ఎవరిదేంటి మేస్త్రీ, మా జ్లాతె అక్కదే" అంది పక్కనున్న పెషె. "తొడుక్కునేవాడి గతి ముందే తెలిసి కుట్టినట్టుంది!"

బల్ల చుట్టూ నవ్వు లేచింది.

"నవ్వండమ్మా, నవ్వండి. మధ్యాహ్నం జర్మన్ దొర తనిఖీకొస్తున్నాడు. వాడు దీన్ని పొరపాటనుకోడు, కావాలనే చెడగొట్టారంటాడు."

నవ్వు ఆగిపోయింది.

"కావాలని కాదు మేస్త్రీ. చెయ్యి అలవాటు" అంది జ్లాతె.

"ఇవి బతికున్నవాళ్ల బట్టలు తల్లీ."

"వాళ్ల బతుకు కోసం నేను ముడెయ్యాలా?"

"వాళ్ల కోసం కాదు. ఆ గుండీకి నీ చెల్లెలు వేలాడుతోంది. దానికోసం వెయ్యి."

జ్లాతె ఆ కోటును ముందుకు లాక్కుంది. పెషె ఆమె ముందున్న కోట్లలో సగం తన ఒళ్లోకి లాక్కుంది. మిగతావాళ్లూ గుండీలు మళ్లీ కుట్టడానికి తలా కొన్ని తీసుకున్నారు. జ్లాతె మొదటి ముడి వేసింది.

మధ్యాహ్నం దొర వచ్చి ఒక కోటు ఎత్తి గుండీ లాగాడు. అది ఊడలేదు. అతడు పక్క బల్లకు వెళ్లాక, ఎల్యోకుం మెడలోని కొలత టేపుతో నుదురు తుడుచుకున్నాడు.

ఆనాటి నుంచి ఇంట్లో బ్రైనె సూదుల్లో దారం ఎక్కించి, అక్క చేత ముడులు వేయించేది. "అది ముడి కాదక్కా, బఠాణీ గింజ!" అని దగ్గుతూనే నవ్వేది.

చలికాలంలో టైఫస్ జ్వరం ఎల్యోకుంను తీసుకుపోయింది. అతని భార్య కిటికీ తెర విప్పి తెచ్చింది. "జ్లాతె, ఆయన్ని చిరుగుల చొక్కాతో పంపలేనమ్మా" అంది.

జ్లాతె బ్రైనె మంచం పక్కన కూర్చుని కుట్టింది. బట్టకు ఒక వైపు చేయి కుట్టడం పూర్తయ్యాక చూస్తే, దారం కొసన చిన్న ముడి, బిగువుగా, పొందికగా ఉంది. ఎప్పుడు వేసిందో ఆమెకే తెలియదు.

"అక్కా..."

"చూశానే."

దారం తెగకుండా సూదిమొనతో ముడిని విప్పింది. చాలాసేపు పట్టింది. బ్రైనె ఇంకో సూదిలో దారం ఎక్కించి, అలవాటుగా కొసను మెలిపెట్టబోయి ఆగింది. దాన్ని వేళ్లతో సాపుచేసి, అలాగే అక్క చేతికిచ్చింది.