ట్రిమ్మర్ ఇంకా ట్రయల్‌లోనే ఉంది

శ్యామ్‌సుందర్ ఏ వస్తువూ కొనడు. ట్రయల్ చూస్తాడు.

ఇందులో వింతేముంది, అందరూ చూసే కొంటారుగా అంటారు మీరు. అందరూ చూసి కొంటారు. శ్యామ్‌సుందర్ చూసి, మళ్ళీ చూసి, పక్కవాడిది అడిగి తెచ్చి చూసి, ఆ వస్తువు చేసిన కంపెనీ మూతబడేదాకా చూస్తాడు. పరుపు కొంటానని వెళ్ళి గురకపెడుతుంటే, షాపువాళ్ళు లైట్లార్పేసి, "సార్, లేవండి, మేం కూడా ఇళ్ళకెళ్ళి పడుకోవాలి" అని తట్టి లేపారని అమెరికాలో వాళ్ళుండే నోవై ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇందులో కల్పన ఏదైనా ఉంటే అది గురక వరకే.

'నచ్చకపోతే నెలలోపు వాపసు' అనే బోర్డు కనబడితే ఆయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టేంత పని చేస్తాడు. వాక్యూమ్ క్లీనర్ తెచ్చాడు. ఇల్లు ఊడ్చాడు, కారు ఊడ్చాడు, స్నేహితుడు రామమోహన్ ఇల్లు కూడా ఊడ్పించాడు. నెల నిండబోతుండగా "గొంతు బాగాలేదు" అని తిరిగిచ్చేశాడు. మంచు ఎత్తే పార కొనాలనుకున్నప్పుడు, మన వాకిలి వాలు ట్రయల్‌కి పనికిరాదంటూ పక్కింటి వాకిలంతా ఎత్తిపోసి వచ్చాడు. తమ వాకిట్లో మంచు మాత్రం ఆయన భార్య వసుమతి ఎత్తుకుంది. పాత పారతోనే.

ఆయన ఉద్యోగం డెట్రాయిట్‌లో, కార్ల కంపెనీలో. బ్రేకులు టెస్ట్ చేస్తాడు. టెస్ట్ చేసినందుకు జీతం కూడా ఇస్తారని తెలిసే ఈ దేశానికొచ్చి ఉంటాడని వసుమతి అనుమానం.

పరుపులూ పారలూ అయితే ఆవిడ ఓర్చుకునేది. ఆవిడ కొంప ముంచింది ట్రిమ్మర్.

తుపాకి పేల్చాక ఇత్తడి గొట్టం ఒకటి మిగులుతుంది. కేసు అంటారు దాన్ని. ఇక్కడివాళ్ళు దాన్ని పారెయ్యరు. ఇంట్లోనే మందు నింపి, గుండు బిగించి మళ్ళీ వాడుకుంటారు. పేలినప్పుడల్లా ఆ కేసు మూతి వెంట్రుకవాసి సాగుతుంది. సాగినంతా గొరగాలి. గొరిగే యంత్రం పేరు ట్రిమ్మర్. బల్లకి బిగించి పిడి తిప్పుతారు. అచ్చం మన కొబ్బరి తురిమే మిషనే, తినడానికి ఏమీ రాదు, అంతే.

చవగ్గా, మంచి ట్రిమ్మర్ ఏదో తేల్చాలని శ్యామ్‌సుందర్ గరాజ్‌లో బల్ల వేశాడు. బల్ల చుట్టూ డబ్బాలు చేరాయి. డబ్బాల చుట్టూ క్యాటలాగులు చేరాయి. బల్ల కింద ఒక పొడుగాటి అట్టపెట్టె చేరింది. తుపాకి అందులోనే ఉందని వసుమతి దానికి అల్లంత దూరం నుంచి నడిచేది. వీటన్నిటికీ చోటు చాలక బయటికి పోయింది ఆవిడ కారు.

మిషిగన్ చలికాలంలో కారు బయట ఉండటమంటే ఏమిటో ఎండదేశం వాళ్ళకి చెప్పినా తెలీదు. వసుమతికి హాస్పిటల్ ల్యాబ్‌లో పొద్దున్నే డ్యూటీ. చీకట్లో లేచి, మంచుదిబ్బ గోకితే లోపల కారుండేది. ఒకసారి సగం గోకాక అది ఎదురింటివాళ్ళ కారని తేలింది.

"ఏవండీ, ఈసారి మంచు పడేలోపు నా కారు లోపలుండాలి. ఆ ట్రిమ్మరేదో కొనేసి బల్ల తీసెయ్యండి."

"తొందరపడితే ఎలా వసూ? చేత్తో తిప్పే చిన్నదుందనుకో, చవకే, కానీ వేళ్ళు పోతాయి. మోటార్‌ది ఉంది, ఆ ధర పెడితే అది కాఫీ కూడా పెట్టివ్వాలి. మధ్యరకం వాల్టర్ దగ్గరుంది. అది తెచ్చి చూస్తున్నాగా."

"మూడేళ్ళుగా చూస్తున్నారు!"

"పిడి కొంచెం లూజు. ఎందుకో తేలాలి."

వాల్టర్ పక్కింటి ముసలాయన. రిటైరైపోయాడు, భార్య పోయింది, నోరు మాత్రం పోలేదు. శనివారం శనివారం ఊరి బయట షూటింగ్ రేంజ్‌కెళ్ళి టార్గెట్ కొడతాడు. ఒకరి సాయం పొందడమంటే ఆయనకి కారం కళ్ళలో పడ్డట్టే. ఒక చలికాలం చర్చివాళ్ళు జాలిపడి ఆయన వాకిలిలో మంచు ఎత్తిపోశారు. ఆయన ఆ మంచంతా మళ్ళీ వాకిట్లో పోసుకుని, తనే ఎత్తుకున్నాడు.

ప్రతి శుక్రవారం శ్యామ్‌సుందర్ ఆయన దగ్గరికెళ్ళి ట్రిమ్మరూ, దాంతోపాటు ఆయన కేసులే ఒక డబ్బాడూ తెచ్చుకుంటాడు.

"ఆయన కేసులెందుకండీ?" అంది వసుమతి.

"కొనని మిషన్లో నా కేసులు పెట్టి పాడుచేసుకోనా? పాడైతే ఆయనవే పాడవుతాయి."

ఇంతటి లోభి లోకంలో ఎక్కడా దొరకడని వసుమతి కళ్ళు మూసుకుంది. ఆదివారానికి కేసులన్నీ గొరిగి, తుడిచి, తళతళలాడించి తిరిగిచ్చేవాడు. ఇత్తడి పొట్టు చొక్కా జేబుల్లో, తివాచీలో, ఒకసారి ముద్దపప్పులో కూడా తేలింది.

అక్టోబర్‌లో రామమోహన్ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. శ్యామ్‌సుందర్ పులిహోర ప్లేటు పట్టుకుని ట్రిమ్మర్ల మీద ఉపన్యాసం మొదలెట్టాడు. రామమోహన్ చేతులు జోడించాడు.

"గురూ, నేనేం పాపం చేశాను? నాకు తుపాకి లేదు, కనీసం దోమల బ్యాటు లేదు."

అతని భార్య నళిని వంటింట్లో వసుమతిని పట్టుకుంది.

"అయితే వదినా, ఈ వింటర్ కూడా కారు బయటేనా?"

"మంచు పడేలోపు తేలుస్తానంటున్నారే."

"ఏ సంవత్సరం మంచు?"

అందరూ నవ్వారు. వసుమతి కూడా నవ్వింది, పళ్ళు కనబడకుండా. మర్నాడే తనే వెళ్ళి ట్రిమ్మర్ కొని మొహాన కొట్టాలని నిశ్చయించుకుంది.

తుపాకుల షాపులో చీరకట్టుకున్న మనిషి అడుగుపెట్టేసరికి గోడమీది జింక తలకాయ కూడా ఇటు తిరిగిందట. ట్రిమ్మర్ కావాలంటే షాపాయన గౌరవంగా అడిగాడు.

"రైఫిల్ ఏ క్యాలిబరమ్మా? అంటే గుండు ఏ సైజు?"

"మీడియం," అంది వసుమతి.

"మీడియం అని ఉండదమ్మా. ఏ రైఫిలో చెప్పండి, దానికి సరిపడేది ఇస్తాను."

ఏ రైఫిలో ఆవిడకేం తెలుసు? చూస్తేగా! చేతికందిన చవకరకం ఒకటి కొనుక్కుని, ఇంటికొచ్చి, ధైర్యం కూడగట్టుకుని, చీపురుకట్టతో ఆ పొడుగు పెట్టె మూత ఎత్తింది. మీదకి పేలుతుందేమోనని కళ్ళు మూసుకుని మరీ ఎత్తింది.

లోపల కర్టెన్ రాడ్లు. తను ఇల్లు కొన్న కొత్తలో అడిగినవి. ఇంకా ట్రయల్‌లో ఉన్నట్టున్నాయి.

గరాజ్ అంతా వెతికింది. తుపాకి లేదు, తుపాకి బొమ్మ కూడా లేదు. బట్టతల మనిషి మూడేళ్ళుగా దువ్వెన బేరమాడుతున్నట్టయింది వ్యవహారం. ట్రిమ్మర్ సంచీలో వేసుకుని విసవిసా వాల్టర్ ఇంటికెళ్ళింది, పంచాయితీ పెట్టేద్దామని.

"రా వాసూ! కాఫీ తాగు. నీ మొగుడికి ఇంకా తేలలేదా?" అంటూ, 'వసు' అని పలకడం రాని వాల్టర్ కప్పులు తెచ్చాడు.

పిడి పట్టుకుని కాదు. రెండు అరచేతుల మధ్యా కప్పు నొక్కిపెట్టి తెచ్చాడు. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక్క వేలూ సరిగ్గా వంగడంలేదు. కాఫీ సగం సాసర్‌లోనే ఉంది. వసుమతి చూసీ చూడనట్టు గోడ గడియారం వైపు చూసింది.

"నీ మొగుడంత పిసినారి ఈ మిషిగన్‌లో లేడు," అన్నాడు వాల్టర్ ఆనందంగా. "నా మిషనూ కావాలి, నా కేసులూ కావాలి. పోనీలే పాపమని ఇస్తున్నా. చిన్నవాడు, నేర్చుకోవాలిగా."

"మరి మీరు... తిప్పుకోరా దాన్ని?"

"నాకేం, ఎప్పుడంటే అప్పుడు తిప్పగలను! అతను ఖాళీ ఇస్తేగా. ఎలాగూ గొరిగేసే తెస్తాడు, మిగతా పనంతా నేనే చేసుకుంటా. గుండు బిగించే ప్రెస్ మీటకి అరచేయి చాలు. చూడు వాసూ, నలభై ఏళ్ళుగా నా తూటా నేనే చేసుకుని కాలుస్తున్నా. ఇంకొకడి సాయంతో కాల్చాల్సిన రోజొస్తే రైఫిల్ అమ్మేస్తా. ఒట్టు."

వసుమతికి మంచుపార ట్రయల్ గుర్తొచ్చింది. వాల్టర్ తిరిగి పోసుకోని మంచు అదొక్కటే.

"అవునూ, సంచీలో ఏంటది?" అన్నాడు వాల్టర్.

"కొబ్బరి తురిమే మిషను," అంది వసుమతి, సంచీ కుర్చీ కిందకి తోస్తూ.

సాయంత్రం శ్యామ్‌సుందర్ ఇంటికొచ్చాడు. కర్టెన్ రాడ్ల పెట్టె తెరిచి ఉంది. ఆయన ముఖం పెరుగన్నంలా చల్లబడింది.

"ఏవండీ, మనకి తుపాకి ఉందా?"

"ఉంటే... ముందు ట్రిమ్మర్ తేలాలిగా వసూ. తేలాక తుపాకి సంగతి చూద్దామని."

"వాల్టర్ మిషన్ పిడి లూజెందుకో తెలిసిందా?"

ఆయన చొక్కా జేబులోంచి ఇత్తడి పొట్టు తీసి జాగ్రత్తగా చెత్తబుట్టలో వేశాడు. నెమ్మదిగా అన్నాడు.

"నీచేత బయట మంచు గోకిస్తున్నానని నాకు తెలుసు. బల్ల తీసేస్తే వాల్టర్‌కి అనుమానమొస్తుంది. రోజూ తొంగిచూస్తాడు."

"ఎవరు తియ్యమన్నారు?" అంది వసుమతి. "తొందరపడి కొనకండి. ఇంకో నాలుగు రకాలు చూడాలి. మోటార్‌ది అసలు చూడనేలేదు మీరు."

మర్నాడు ట్రిమ్మర్ వాపసివ్వడానికి షాపుకెళ్ళింది. ఏం బాగాలేదమ్మా అనడిగాడు షాపాయన.

"గొంతు," అంది వసుమతి.

నవంబర్‌లో మొదటి మంచు మోకాళ్ళదాకా పడింది. నళిని ఫోన్ చేసింది.

"వదినా, తేలిందా?"

"ఎక్కడే! ఈ మనిషితో వేగలేక చస్తున్నాననుకో," అని వసుమతి గొంతు నిండా విసుగు పోసి ఫోన్ పెట్టేసింది. కోటు తొడుక్కుని కారు గోకడానికి బయటికొచ్చింది.

పక్క వాకిట్లో వాల్టర్ తన కారు అద్దాన్ని మోచేత్తో రుద్దుతున్నాడు. మంచు గోకే స్క్రేపర్ చంకలో ఇరికించుకున్నాడు. వసుమతి కంచె దగ్గరికి నడిచింది.

"వాల్టర్, ఆ స్క్రేపర్ ఒకసారి ఇస్తారా? కొందామనుకుంటున్నా, ట్రయల్ చూడాలి."

"చూసుకో," అని చంకలోంచి జార్చాడు వాల్టర్. ఆవిడ వంగి తీసుకుని, ఆయన కారు ముందద్దం గోకడం మొదలెట్టింది.

"ఏయ్, నీ కారు అటుంది!"

"పనిచేస్తుందో లేదో తెలీకుండా నా అద్దం మీద గీతలు పెట్టుకోనా?"

వాల్టర్ ఆకాశం వైపు చూశాడు.

"ఇంటిల్లిపాదీ పిసినార్లే," అని గొణుక్కుంటూ కారెక్కి హీటర్ వేసుకున్నాడు.