మడమకు బంగారం

2009. అమెరికాలోని ప్లేనోలో ఇండియన్ షాపుల వరుసలో మాకో చిన్న కొట్టు ఉండేది. నగల రిపేరు, ప్లేటింగ్ మా పని. ప్లేటింగ్ అంటే ఒక లోహం మీద కరెంటు సాయంతో మరో లోహపు పల్చటి పొర ఎక్కించడం. మాది చిలకలపూడి. గిల్టు నగల మధ్య పెరిగినవాణ్ణి, ఈ పనిలో నాకొకరు చెప్పేదేముందని కాస్త పొగరుగానే ఉండేవాణ్ణి.

ఒక సోమవారం వాల్టర్ అనే రిటైర్డ్ టీచర్ ఒక జత స్పర్స్ తెచ్చారు. గుర్రాన్ని అదిలించడానికి బూటు మడమకు తగిలించుకునే స్టీలు పట్టీలవి. వెనక చిన్న ముళ్ళ చక్రం ఉంటుంది. గుర్రమెక్కి యుద్ధం చేసే పాతకాలపు నైట్లలా కవచాలు తొడుక్కుని కత్తిసాము చేసే క్లబ్బు ఆయనది.

"గోల్డ్ ప్లేటింగ్ చేయాలి. శనివారం నా శిష్యురాలు డెనీస్ పెట్టుకుంటుంది," అన్నారు.

స్టీలు మీద బంగారం నేరుగా పట్టదు. ముందు కాపర్, తర్వాత నికెల్, ఆపైన గోల్డ్. నికెల్ ఎక్కేసరికి స్పర్స్ వెండిలా మెరిశాయి. అక్కడ నా చెయ్యి ఆగింది.

"కాలికి బంగారమేంటండీ? లక్ష్మీదేవిని మడమకి కట్టుకుంటారా?" అంది మా ఆవిడ సుజాత.

నాకూ మనసొప్పలేదు. మన పట్టీలు, మెట్టెలు వెండివే కదా! స్పర్స్ పట్టీకి బంగారం అంటకుండా లాకర్ అనే వార్నిష్ పూసి, కాలికి తగలని చక్రానికి మాత్రమే గోల్డ్ ఎక్కించాను. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. వాల్టర్‌ని ఒక్క మాట అడగాలని మాత్రం తోచలేదు.

శుక్రవారం పొద్దున ఆయన వచ్చి వాటిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు.

"తెల్లవి స్క్వైర్‌కి, అంటే ఇంకా నేర్చుకునేవాళ్ళకి. బంగారువి నైట్‌కి. డెనీస్ పదకొండేళ్ళు తెల్లవే పెట్టుకుంది. రేపు ఆమెను నైట్ చేస్తున్నాం. ఇవి చూస్తే, నువ్వింకా సగమే పనికొచ్చావని నేనన్నట్టు ఉంటుంది." పూర్వం తప్పు చేసిన నైట్ మడమల మీంచి స్పర్స్‌ని అందరి ముందూ నరికేసేవారని కూడా చెప్పారు.

సిగ్గుతో తల వంచుకుని మా ఆచారం చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"మీరు బంగారాన్ని గౌరవించారు. ఇప్పుడు డెనీస్‌ని కూడా గౌరవించండి," అన్నారు.

గాలి తగిలిన నికెల్ మీద గోల్డ్ పెచ్చులుగా లేస్తుంది. అందుకే లాకర్ తీసి, యాసిడ్‌లో ముంచి, మళ్ళీ మొదలుపెట్టాను. ఆ పూట కౌంటర్ సుజాతే చూసుకుంది.

శనివారం ఆయన పిలిస్తే ఇద్దరం పార్కుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. డెనీస్ స్కూల్ బస్ డ్రైవర్, యాభై దాటిన మనిషి. ఆమె నిలబడి ఉండగా వాల్టర్ మోకాళ్ళ నొప్పులున్నా గడ్డిలో కూర్చుని, తన చేతులతో ఆమె మడమలకు స్పర్స్ బిగించారు. గురువు శిష్యురాలి కాళ్ళు పట్టుకోవడమేంటని నేను లేవబోయాను. సుజాత చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆయన మొహం చూడండి," అంది.

చూశాను. పెళ్ళికూతురి తండ్రిలా వెలిగిపోతున్నారు. డెనీస్ ఏడుస్తోంది. నాకూ కళ్ళు నిండాయి, చాలా సంతోషమేసింది.

వస్తువు ఎవరు, ఎందుకు పెట్టుకుంటారో అడగకుండా అప్పటినుంచి ఏ పనీ మొదలుపెట్టలేదు. మా ఇంట్లో పట్టీలు ఇప్పటికీ వెండివే, అందులో మార్పు లేదు. కానీ ఆ గడ్డిలో, ఆమె మడమల మీద, నేనెక్కించిన బంగారం ఉండాల్సిన చోటే ఉంది.